పిడికి చుట్టిన గుడ్డ

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈమెను ఆరేళ్లపాటు అడిగారు. అడిగిన ప్రతిసారీ చెప్పింది కాగితం మీద రాసుకున్నారు. మర్నాడు పొద్దున్నే ఆ కాగితాలు చెత్తబుట్టలో కనిపించేవి. ఆ బుట్ట ఖాళీ చేసే పని కూడా ఆమెదే.

ఆమె పనిచేసే ఆఫీసులో వస్తువులకు రూపం గీస్తారు. బకెట్లు, చీపుళ్లు, చెత్తబళ్లు, మడత నిచ్చెనలు. కొత్తగా చేరిన పిల్లలకు అక్కడ గీత గీయడం కన్నా ముందు ప్రశ్న అడగడం నేర్పిస్తారు. వస్తువు వాడే మనిషికి ఏం కావాలో ఆ మనిషి నోటినుంచే రాబట్టాలి, అదొక విద్య. నేర్చుకోవాలంటే ఎదురుగా ఎవరో ఒకరు కూచోవాలి కదా. బయటినుంచి పిలిపించడం దేనికి, మూడో అంతస్తు ఊడ్చే ఆవిడ ఉందిగా! క్షవరం నేర్చుకునేవాడికి గుమ్మడికాయ దొరికినట్టు దొరికింది. చీపురు గోడకానించి రమ్మనేవారు, శిక్షణ గదిలో నీలం కుర్చీలో కూచోబెట్టేవారు, ఒక్కో బ్యాచిలో ఏడెనిమిది మంది వరసగా అడిగేవారు. అయ్యాక "థాంక్సమ్మా" అని పంపేసేవారు. ఆగిపోయిన ఊడ్చే పని ఆగినచోటే ఉండేది. ఆ గంటా పని గంటల్లో పడేది కాదు, సాయంత్రం ఆలస్యంగా ఇల్లు చేరేది.

మొదటిసారి ఆమె నిజమే చెప్పింది. "ఇక్కడ మీకు ఇబ్బందిగా ఉన్నదేంటమ్మా?" అని కళ్లజోడు ట్రైనీ అడిగితే, "సామాన్ల గదిలో కుళాయి కారుతోంది బాబూ, రోజూ కాలు జారుతోంది" అంది. అతను రాసుకున్నాడు. సంతోషం పట్టలేక వెళ్లి ఫ్లోర్ మేనేజర్‌కి కూడా చెప్పాడు. మేనేజర్ ఆమెను పిలిచాడు.

"కుళాయి సంగతి బయట చెప్పమని ఎవరన్నారు నిన్ను?"

"వాళ్లే అడిగారు సార్."

"అడిగితే చెప్పేస్తావా?"

ఆరోజునుంచి ఏమడిగినా ఆమె జవాబు ఒక్కటే. కుర్చీ ఎలా ఉంది? బావుంది. చీపురు? బావుంది. జీవితం? బావుంది. ట్రైనీలు నవ్వుకుని ఆమెకు బావుందమ్మ అని పేరు పెట్టారు. అసలు పేరు ఎవరూ అడగలేదు. నలభై మంది అడిగిన నాలుగు వందల ప్రశ్నల్లో ఆ ఒక్కటీ లేదు.

ఇందులో అన్యాయమేముంది, ఎవరూ కొట్టలేదు కదా, కుర్చీ వేసి కూచోబెట్టారు కదా అనేవాళ్లుంటారు. వాళ్ల మాటను నలభైసార్లు రాయించుకుని, నలభైసార్లూ వాళ్ల చేతనే చెత్తలో పోయిస్తే అప్పుడు మాట్లాడదాం.

అయితే మాటను బుట్టలో వేయొచ్చు గానీ చెవులను వేయలేరు. నీలం కుర్చీలో కూచున్నప్పుడు పక్కన నిలబడి పాఠం చెప్పే టీచరమ్మ ట్రైనీలను దిద్దుతూ ఉండేది. "బాగుందా అని అడగొద్దు, మర్యాదకి బాగుందంటారు." "రోజూ ఏం చేస్తారని కాదు, నిన్న ఏం చేశారో అడగండి." "చెప్పడం కాదు, చేసి చూపించమనండి." "జవాబు అయిపోగానే మీద పడకండి. నోరు మూసుకుని ఏడు అంకెలు లెక్కపెట్టండి. అసలు మాట ఆ ఏడింటిలో వస్తుంది." ఒక బ్యాచి ఒకసారే విని వెళ్లిపోయేది. బావుందమ్మ ప్రతి బ్యాచితోనూ వింది. ఆరేళ్లు ఒకే తరగతి చదివితే రాయికైనా పాఠం వస్తుంది. ఆమె రాయి కాదు.

నేర్చిన విద్య ఎక్కడో ఒకచోట ప్రయోగించాలి కదా. ఇంట్లో అత్తగారుంది.

అత్తగారికి మోకాళ్ల నొప్పి. కొడుకు, అంటే బావుందమ్మ భర్త, సిటీ బస్సు డ్రైవరు, ముచ్చటపడి చేతికర్ర కొనితెచ్చాడు. ఆ కర్ర తలుపు వెనకాల కాపలా కాయడం తప్ప అడుగు వేసింది లేదు. "కర్ర బావుందా అమ్మా?" అంటే "బ్రహ్మాండంగా ఉందిరా" అనేది, గోడ పట్టుకుని నడిచేది. కొడుకు బతిమాలి, కసిరి, చివరికి అలిగాడు కూడా. కర్ర కదల్లేదు.

ఒక ఆదివారం బట్టలు మడతపెడుతూ బావుందమ్మ మెల్లగా కదిపింది.

"అత్తయ్యా, ఆఖరిసారి ఈ కర్ర పట్టుకుని ఎక్కడికెళ్లారు?"

"పాల బూతుకి. ఏం, కర్రకి అరుగుదల లెక్కగడుతున్నావా?"

"ఎలా వెళ్లారో చెప్పండి."

"ఎలా వెళ్తారే? ఎగిరి వెళ్తారా? మెట్లు దిగి వెళ్లాను."

బావుందమ్మ లోపల లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. దుప్పటి అంచులు కలిపింది. నాలుగు, అయిదు.

"టక్కు టక్కుమని మోగుతుందే ముదనష్టపు కర్ర!" అత్తగారు భగ్గుమంది. "మెట్టు మెట్టుకీ మోత. కింది ఇంటావిడ తలుపు తీసి 'పెద్దమ్మా, జాగ్రత్త' అంటుంది. నేను పెద్దమ్మనా? నాకన్నా రెండేళ్లు పెద్దది అది! జుట్టుకి రంగేసుకుంటే సరా?"

కోడలు నవ్వాపుకుంటూ పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి కర్ర అడుగున అతికించింది. మర్నాడు అత్తగారు చప్పుడు చేయకుండా మెట్లు దిగింది. కింది ఇంటావిడ తలుపు తీసి ఉలిక్కిపడి "దొంగలా వస్తారేంటి?" అంటే, "పడుచువాళ్ల నడక అలాగే ఉంటుందమ్మా" అని చెప్పి పాల బూతుకి వెళ్లింది. ఆ వారం ఇంట్లో పండగే. భర్త మాత్రం "నేను నెలరోజులు మొత్తుకుంటే కదలని కర్రని ఒక్క ప్రశ్నతో ఎలా కదిలించావే?" అని ఆశ్చర్యపోయాడు. "మీరు బావుందా అనడిగారు. నేను అది అడగలేదు" అంది.

ఇంట్లో పండితురాలు, ఆఫీసులో గుమ్మడికాయ. ఇలాగే గడిచిపోయేదేమో గానీ, మోడల్ గదిలో దుమ్ము దులుపుతుంటే ఒకరోజు కొత్త బకెట్ నమూనా కంటపడింది.

నేల తుడిచే బకెట్. కింద నాలుగు చక్రాలు, పైన మాప్ పిండే జల్లెడ. ఆమె ఆరేళ్లుగా వాడుతున్నదీ ఈ ఆఫీసు గీసిన బకెట్టే, పాతరకం. దాని పిడి పెన్సిలంత సన్నటి ఇనప కడ్డీ. నిండు బకెట్ ఎత్తితే వేళ్లలోకి దిగుతుంది. పొద్దున్నే లేచేసరికి ఆమె కుడిచేతి రెండు వేళ్లు మడత పడవు, వేడినీళ్లలో ముంచితే గానీ దారికి రావు. కొత్త నమూనా పాతదానికన్నా పెద్దది, అయిదు లీటర్లు ఎక్కువ పడుతుంది. పిడి మాత్రం అదే. పక్కన గోడమీద కాగితం: పది రోజుల్లో అచ్చుకు. ఆమెకు చదవడం వచ్చు. ఒకసారి బకెట్లు పోతపోసే అచ్చు తయారైందంటే పదేళ్లదాకా ఎవరూ ముట్టుకోరని డిజైనర్లు అనుకోవడం చాలాసార్లు వింది. పదేళ్లు! తన రెండు వేళ్లు కాక, ఎక్కడెక్కడో ఎన్ని వేళ్లు!

చెప్పాలి. ఎవరికి? అడిగితే చెప్పడమే తప్పయినచోట అడక్కుండా చెబితే ఇంకేమన్నా ఉందా?

సరిగ్గా అప్పుడే ట్రైనీల్లో ఒక కొత్తమ్మాయి పనిమీద వెళ్లిన ఆసుపత్రినుంచి తిరిగొచ్చింది. చేరి నెల కాలేదు, మొదటి పని ఇదే: పెద్ద ఆసుపత్రిలో పాత బకెట్ వాడేవాళ్లను కలిసి వాళ్ల అవసరాలు తెలుసుకోవాలి. ముప్ఫై మందిని అడిగింది. ముప్ఫై మందీ బావుందన్నారు. డిజైన్ విభాగం పెద్దసారు ఆ కాగితాలు చూసి మురిసిపోయాడు. "చూశారా, వంకే లేదు! అచ్చుకు పంపించేద్దాం." కొత్తమ్మాయికి మాత్రం నమ్మకం కుదర్లేదు. ముప్ఫై మంది మనుషులు ఒక్క విషయంమీద ఒక్కమాట మీద ఉండటం ఆమె తన ఇంట్లో ఎప్పుడూ చూడలేదు. సంఖ్య నింపడానికన్నట్టు ఇంకొక్కరిని అడుగుదామని బావుందమ్మను నీలం కుర్చీలో కూచోబెట్టింది.

"చక్రాలు సులువుగా తిరుగుతున్నాయి కదండీ?"

"బావున్నాయి మేడం."

"జల్లెడ బాగానే పిండుతుంది కదా?"

"బావుంది మేడం."

తర్వాతి ప్రశ్నకోసం కొత్తమ్మాయి ఫోన్ తీసింది. ప్రశ్నలన్నీ అందులోనే ఉన్నాయి. ఛార్జింగ్ అయిపోయి ఫోన్ చచ్చి ఊరుకుంది. ఆ పిల్లకు ఒక్క ప్రశ్నా గుర్తురాలేదు. ముఖం ఎర్రబడింది. బల్లమీద పెన్ను అటూ ఇటూ దొర్లిస్తూ కూచుంది.

బావుందమ్మకు లోపల నవ్వొచ్చింది. ఏడు అంకెల పాఠం నాకే చెబుతోంది, చూద్దాం అనుకుంది. ఒకటి. రెండు. ఈ విద్యలో ఆమె అత్తగారినే ఓడించింది. మూడు. నాలుగు. వేళ్లు సలుపుతున్నాయి. అయిదు. మోడల్ గదిలో పిడి కళ్లముందు కదిలింది. ఆరు. ఆ పిల్ల ఇంకా మాట్లాడదేం? ఏడు.

"గుడ్డ సంగతి అడగరేంటి మేడం?" అనేసింది.

అన్నాక తనే నాలిక్కరుచుకుంది. ఎంత పండితుడికైనా తన పాఠం తనకు తగిలితే ఇంతే.

"ఏ గుడ్డ?"

బావుందమ్మ తలుపువైపు చూసింది. మేనేజర్ లేడు. "రేపు పొద్దున ఏడింటికి సామాన్ల గదికి రండి. ఇక్కడ చెబితే మాట, అక్కడైతే వస్తువు."

మర్నాడు ఏడింటికి కొత్తమ్మాయి వచ్చింది. బకెట్ పిడికి పాత చీర అంచు గట్టిగా చుట్టి ఉంది, వేలంత మందంగా, నీళ్లకు నలుపెక్కి. తొమ్మిదికి డిజైనర్లు వచ్చేలోపు బావుందమ్మ దాన్ని విప్పి సంచిలో పెట్టుకుంటుంది. "డిజైన్ ఆఫీసులో ఈ మురికి గుడ్డేంటి, తొమ్మిదయ్యేసరికి కనపడకూడదు" అని మేనేజర్ ఆజ్ఞ. ఆరేళ్లుగా పొద్దున చుట్టడం, తొమ్మిదికి విప్పడం. ఆ పిడి గీసిన పెద్దసారు గది సామాన్ల గదికి పన్నెండు అడుగుల దూరం. దీపం కిందే చీకటంటే ఇదే.

"కానీ చక్రాలున్నాయి కదా, ఎత్తడం ఎందుకు?" అంది కొత్తమ్మాయి.

"తోసుకెళ్లడానికి చక్రాలు సరే. మురికి నీళ్లు ఎక్కడ పోస్తాం?"

ఆ గదిలో నేలమీద తూము లేదు. నడుమెత్తున సింకుంది. కొత్తమ్మాయి సింకునీ బకెట్‌నీ మార్చి మార్చి చూసింది. "రోజుకి ఎన్నిసార్లు?" అని అడగబోయి ఆగింది. "నిన్న ఎన్నిసార్లు పోశారు?" అంది.

"ఇప్పుడు దారిలోకొచ్చావు అమ్మాయ్" అంది బావుందమ్మ, తెలియకుండానే మేడం వదిలేసి. "నిన్న పదకొండు."

కొత్తమ్మాయి చేతిలో కాగితాలు తిరగేసింది. "మరి ఆసుపత్రిలో ముప్ఫై మందీ నాతో అబద్ధం చెప్పారా?"

"అబద్ధం కాదమ్మా, మర్యాద. అడిగినప్పుడు పక్కన ఎవరున్నారు?"

"వాళ్ల సూపర్‌వైజర్. దగ్గరుండి ఒక్కొక్కరినీ పిలిపించారు."

"పిల్లి కాపలా ఉన్నచోట ఎలుకని ఆకలేస్తోందా అనడిగావు."

పిల్ల మొదట చిన్నబుచ్చుకుంది, తర్వాత పకపకా నవ్వింది. ఆరోజునుంచి ఆమె బావుందమ్మను అక్కా అంది. అసలు పేరు కూడా అడిగింది. అడిగి, తన కాగితంమీద పైన రాసుకుంది.

రెండ్రోజుల తర్వాత ఇద్దరూ ఆసుపత్రికి వెళ్లారు, చెప్పా పెట్టకుండా, షిఫ్టు మారే వేళకి. బావుందమ్మకు ఆరోజు సెలవు కాగితం రాసిందీ, తోడు రమ్మని బతిమాలిందీ కొత్తమ్మాయే. సామాన్ల గది తలుపు తీస్తే వరసగా బకెట్లు. ప్రతి పిడికీ ఏదో ఒకటి చుట్టి ఉంది. చీర అంచు, కట్టు గుడ్డ, పిల్లల మేజోడు, తువ్వాలు ముక్క. ఒకదానికైతే పాత టై! ఏ డాక్టరు పారేసుకున్నాడో.

"ఇవన్నీ ఆరోజు లేవే!" అంది కొత్తమ్మాయి.

అక్కడే చెయ్యి తుడుచుకుంటున్న ఒక పొడుగాటి మనిషి, వార్డులు ఊడ్చే ఆవిడ, ఫక్కున నవ్వింది. "డిజైనోళ్లు వస్తున్నారని ముందురోజే విప్పించేశారమ్మా. బకెట్లు చూడముచ్చటగా ఉండాలన్నారు."

వాడేవాళ్ల బాధ తెలుసుకోవడానికి మనుషులొస్తున్నారని బాధ గుర్తుల్ని దాచేశారు! ఇంతకన్నా శుభ్రమైన ఊడ్పు ఆ ఆసుపత్రిలో ఎప్పుడూ జరిగి ఉండదు.

కొత్తమ్మాయి నోరు తెరవబోతే బావుందమ్మ మోచేత్తో పొడిచింది. తనే అడిగింది. "ఇందాక ఆఖరి బకెట్ ఎక్కడ పోశావు చెల్లీ? చూపిస్తావా?"

పొడుగాటి మనిషి చూపించింది. సింకు ముందు నిలబడి, ఒక మోకాలు బకెట్ కింద పెట్టి, ఒక చేత్తో పిడి, ఒక చేత్తో అడుగు పట్టుకుని ఎత్తి వంచింది. సగం నీళ్లు సింకులో, కాస్త ఆమె కాళ్లమీద. "చక్రాలు నేలమీదే గదక్కా తిరిగేది, గాల్లో తిరగవుగా" అంది. బావుందమ్మ లోపల ఏడు లెక్కపెట్టింది. ఆవిడే మళ్లీ అంది: "పొట్టివాళ్లయితే ఇద్దరు కలిసి ఎత్తాలి. ఇద్దరు కనబడితే కబుర్లాడుతున్నారని తిట్లు."

ఆ ఏడు అంకెల్లో ఎన్ని మాటలు దాగున్నాయో కొత్తమ్మాయి ఆరోజు చూసింది. గంటలో పద్నాలుగు పేజీలు రాసింది. ప్రశ్నలు మాత్రం అయిదారే.

అచ్చుకు ఇక నాలుగు రోజులు. శిక్షణ గదిలో సమావేశం, కొత్తమ్మాయి బావుందమ్మను కూడా తెచ్చి నీలం కుర్చీలో కూచోబెట్టింది. పెద్దసారు కాగితాలు తిరగేసి నిట్టూర్చాడు. చెడ్డవాడు కాదు, తొందరలో ఉన్నవాడు. "ముప్ఫై మంది బావుందన్నారు, ఇప్పుడు కాదంటున్నారు. ఏది నమ్మాలి? అయినా చక్రాల బండిని ఎవరైనా ఎత్తుతారా అమ్మాయ్?" తలుపు దగ్గర ఫ్లోర్ మేనేజర్ చేతులు కట్టుకుని నిలబడి బావుందమ్మ వంక చూస్తున్నాడు. ఆ చూపుకి అర్థం, రేపు నీ సంగతి చెబుతా అని.

ఆమె ఆ చూపు చూసింది. రెండు వేళ్లూ ఇంకో చేత్తో పట్టుకుంది. నీలం కుర్చీలోంచి లేచింది.

"సార్, ఒక ప్రశ్న అడగొచ్చా?"

గదిలో తలలన్నీ తిరిగాయి. ఆ కుర్చీలోంచి ప్రశ్న రావడం ఆ ఆఫీసు చరిత్రలో మొదటిసారి.

"అడుగమ్మా."

"మీరు ఆఖరిసారి ఈ బకెట్ ఎప్పుడు పారబోశారు?"

పెద్దసారు నవ్వాడు, ఆలోచించాడు, నవ్వు ఆపాడు. "ఎప్పుడూ లేదు."

"అయితే ఒకసారి చూపించండి."

అందరూ సామాన్ల గదికి నడిచారు. బకెట్ నిండా నీళ్లు. పెద్దసారు చొక్కా చేతులు మడిచి, ఒళ్లు విరుచుకుని, ఎత్తాడు. మోకాలిదాకా వచ్చింది. "అబ్బా" అని దించేశాడు. అరచెయ్యి చూసుకున్నాడు, వేళ్లమీద ఎర్రటి గీత. మళ్లీ వంగాడు. వంగినవాడు ఒక్క క్షణం ఆగి, జేబులోంచి రుమాలు తీసి, పిడికి చుట్టడం మొదలుపెట్టాడు.

రెండు చుట్లు చుట్టాక చెయ్యి ఆగిపోయింది. తను చేస్తున్నదేంటో తనకే కనబడింది.

ఎవరూ నవ్వలేదు, ఒక్క బావుందమ్మ తప్ప. "ఉంచండి సార్, తొమ్మిదయ్యాక విప్పేద్దాం" అంది. అప్పుడు అందరూ పగలబడి నవ్వారు. మేనేజర్ తప్ప. కారే కుళాయి కింద నిలబడ్డాడేమో, ఆయన బూటు తడిసిపోతోంది, కదలడానికి మొహమాటం. ఆరేళ్ల కుళాయి ఆ సాయంత్రమే బాగుపడింది.

అచ్చు ఆగింది, మూడు వారాలు. పిడి అరచెయ్యంత వెడల్పయి, లోపల మెత్తటి రబ్బరు వచ్చింది. బకెట్ అడుగున బిరడా, దానికో గొట్టం పెడితే అసలు ఎత్తే పనే ఉండదని ఆసుపత్రి పొడుగాటి మనిషి చెప్పిన ఉపాయం మాత్రం "తర్వాతి రకంలో చూద్దాం" అన్నారు. అంటే పోరు ఇంకా ఉంది. అదే మాట కొత్తమ్మాయి ఆసుపత్రికి తిరిగెళ్లి, ముప్ఫై మందినీ కలిసి చెప్పింది. ఏది ఒప్పుకున్నారో, ఏది ఒప్పుకోలేదో. పొడుగాటి మనిషి బుగ్గన వేలేసుకుంది. "అడిగినవాళ్లని చూశాం గానీ, తిరిగొచ్చి చెప్పినవాళ్లని ఇప్పుడే చూస్తున్నాం!"

పెద్దసారు బావుందమ్మను పిలిచి కుర్చీ చూపించాడు. "ఏం కావాలో అడగండమ్మా." అడుగమ్మా నుంచి అడగండమ్మాకు ఆరేళ్లూ ఒక రుమాలూ పట్టింది. ఆమె రెండు అడిగింది. నీలం కుర్చీలో కూచున్న గంట పని గంటల్లో కలపాలి. చెప్పింది రాసుకున్న కాగితం చెత్తబుట్టలోకి పోకుండా, దాంతో ఏం చేశారో చెప్పినవాళ్లకు చెప్పాలి. మొదటిది వారంలో జరిగింది. రెండోది జరుగుతోందో లేదో ఆమె రోజూ పొద్దున్నే బుట్టలు చూసి కనిపెడుతుంది. ఆ తనిఖీ ఎవరూ తప్పించుకోలేరు. శిక్షణ రోజుల్లో టీచరమ్మ పక్కన ఇప్పుడు రెండో కుర్చీ ఉంటోంది. ట్రైనీ ఎవరైనా "బాగుందా" అంటే చాలు, ఆ కుర్చీలోంచి "బావుంది, బావుంది, ఇంటికెళ్లిపో" అని వినబడుతుంది.

అత్తగారు ఈ కథంతా విని, "పెద్ద గొప్పేంటే, కర్రకి రబ్బరు వేయించమని నీకు చెప్పింది నేను" అంది.

ఇది చదువుతున్న మీ ఆఫీసులో, మీ బడిలో, మీ అపార్ట్‌మెంట్లో కూడా ఒక సామాన్ల గది ఉంటుంది. రేపు ఒకసారి తలుపు తీయండి. బకెట్ పిడికో, చీపురు కర్రకో, చెత్తబండికో ఏం చుట్టి ఉందో, ఏం కట్టి ఉందో చూడండి. చూడ్డానికి బాగోలేదని విప్పించకండి. అది వాడే మనిషి పేరు ముందు అడగండి. సూపర్‌వైజర్‌ను టీకి పంపేయండి. బాగుందా అనకుండా, నిన్న దీంతో ఏం చేశావని అడిగి, ఏడు అంకెలు నోరు మూసుకోండి. విన్నది మార్చగలిగే మనిషి బల్లమీద పెట్టండి, మారేదాకా వదలకండి. మారినా మారకపోయినా తిరిగెళ్లి ఆ మనిషికి చెప్పండి.

ఇంత చిన్న విషయానికి ఇంత హడావుడా అనిపిస్తే ఆ బకెట్ నిండా నీళ్లు పోసి మీరే సింకుదాకా ఎత్తండి. రుమాలు దగ్గర పెట్టుకోవడం మరవకండి.